ఎడమ ఇరుసు

అద్దంకి రోడ్డు మీద కాటా నాది.
వడ్ల లారీ ఎక్కంగనే
ఇనుప పలకల సప్పుడు ఇని ఎన్ని టన్నులో చెప్త.
అంకె తర్వాత ఒస్తది.
గందుకే అంటున్న దశరథం సారూ,
మన మిర్యాలగూడ టీముకు
ఎడమ ఇరుసు మీద బరువు లేదు.

కోదాడోళ్లు మూడు కొట్టిన్రు.
మూడూ అటు దిక్కు నుంచే.
నువ్వెన్నడన్న ఆడినవా అంటరు మీరు.
ఆడలే.
లారీ గూడ నడపలే.
అయిన ఏ బండి మూల మీద బోల్తా పడ్తదో
కాటా దిగకముందే చెప్పిన, నాలుగుసార్లు.

సైదులు మంచోడే, కాదన్ననా?
శనివారం రాత్రంత మిల్లుల బాయిలర్ కాడ ఊక ఎగదోసి
పొద్దుగాల్ల ఇంత సద్ది తిని
నాలుగ్గొట్టంగ ఎడమ పక్క నిలవడ్తడు.
ఇరవై నిమిషాలు గుర్రం.
తర్వాత ఆని కాళ్లు నానబెట్టిన వడ్లు.
మీరేమో డెబ్బయ్యో నిమిషం దాక ఆణ్ణే ఉరికిస్తరు.
ముందుగాల పండనియ్యిన్రి సారూ,
ట్రాలీ నీడకు తువ్వాలేసి.
సగం ఆట అయినంక లేపుదాం.
అప్పటికి ఎదుటోళ్ల నాలికె బయటికొచ్చి ఉంటది,
వీడు కండ్లు తుడుసుకుంట లోపలికొస్తడు.

బాలస్వామి గోలు కాడ గట్టోడు.
డెబ్బయ్యైదు కిలోల బస్తాలు పట్టిన చేతులు,
బంతి జారదు.
కని పట్టినంక ఎవలికియ్యాల్నో తెల్వక
కండ్లు మూసుకొని మబ్బులకు తంతడు.
మబ్బులకు తంతె వానొస్తదా?
కాలువ దిక్కు నుంచి గాలొస్తది,
బంతి మళ్ల మన నెత్తి మీదికే ఒస్తది.
పక్కన్నే ఉన్న ఇంతియాజ్
చెయ్యెత్తి, ఎత్తి,
ఆఖరికి ఆ చేత్తోనే తల గోక్కుంటడు.

దేవరకొండ మీద నాలుగు.
ఆ రోజు గురించి నేను మాట్లాడ.

హుజూర్‌నగర్ మీద ఒకటొకటి,
గెలిచినంత సంబురపడ్డం.
ఆ ఒక్కటన్న మన కాలుదా?
వాళ్ల బ్యాకోని మోకాలికి తాకి లోపలికి పోయింది.

ఇగ లచ్చిరాం సంగతి.
అడవిదేవులపల్లి దిక్కు తండా పోరడు.
బంతి తన కాడికి రాకముందే మెడ తిప్పి
ఎనుక ఎవరున్నరో ఒకపారి సూసుకుంటడు.
మొత్తం టీముల ఈ పని చేసేటోడు ఆడొక్కడే.
మీరేమన్నరు?
"ఆట మీద ధ్యాస లేదు, దిక్కులు సూస్తడు" అన్నరు.
దిక్కులు సూసేటోనికే గద సారూ
తొవ్వ దొరికేది!
ఆణ్ణి గొంగడి లెక్క మడిచి బెంచీ మీద పెట్టిన్రు.
నీళ్ల డబ్బా మోసుకుంట పోయేటప్పుడు గూడ
ఎవలూ లేని జాగల ఎవలినో దాటిపోతడు ఆడు,
మీరు సూడలే, నేను సూసిన.

కోదాడల ఓడి ఒచ్చిన రాత్రి
డీసీఎం దిగి అందరు నా కాటా ఎక్కిన్రు, నవ్వుకుంట.
ఓడినోళ్లు గట్ల నవ్వొచ్చునా అని కోపమొచ్చింది నాకు.
అయిన మీట నొక్కిన.
పదకొండు మంది: ఆరువందల నలభై.
ఒక్క ట్రాలీ తౌడంత గూడ లేరు.
గింత తేలిక మనుషులనా
ఆదివారమాదివారం నేను తిట్టేది
అనిపించింది, ఒక్క నిమిషం.
చీటీ కొట్టిన. సరుకు అన్న గడిల
ఏం రాయాల్నో తోచక ఖాళీగ ఇడిసిన.

అప్పుడు డబ్బా కింద పెట్టి
లచ్చిరాం గూడ ఎక్కిండు.
ఆరువందల తొంభై.

ఆ యాభై కిలోలే సారూ
నేనడిగేది.
ఎడమ దిక్కుకు.
ఒచ్చే ఆదివారం నకిరేకల్.
చీటీ నా గల్లపెట్టెల్నే ఉన్నది,
కావాల్నంటే వచ్చి సూడున్రి.